ఇచ్చుట వేరు, తిరిగి ఇచ్చుట వేరు



మన సంఘములలోని కుటుంబములు చాలా వరకు గనులలో, మిల్లులలో, రైల్వేలో, కంపెనీలలో పని చేసి పిల్లలను పెంచిన కుటుంబములే. మన పెద్దలు పుట్టిన ఊరు విడిచి కన్నడ దేశమునకు, తమిళ దేశమునకు, ఒడిశాకు, బొంబాయి షోలాపూరులకు వచ్చినది పని కొరకే. కాబట్టి వ్యాపారము చేయువారు సమాజమునకు ఏమి బాకీ ఉన్నారు అను ప్రశ్న మనకు పుస్తకములలోని ప్రశ్న కాదు. మన ఇంట్లో పొయ్యి వెలుగునా లేదా అను సంగతి దానితో ముడిపడి ఉన్నది. దానిని గూర్చి నాకు తోచినంత ఇక్కడ వ్రాయుచున్నాను. పొరపాట్లు ఉంటే పెద్దలు దిద్దగలరు.

కమిటీలో లేచిన ప్రశ్న

మా సంఘపు ఆవరణలో ఒక చిన్న పాఠశాల ఉన్నది. ఏడవ తరగతి వరకు నడుచుచున్నది. ఆడపిల్లలకు అప్పట్లో మరుగుదొడ్లు రెండే ఉండేవి. అందులో ఒకదానికి తలుపు సరిగా పడేది కాదు. పెద్ద తరగతుల పిల్లలు నెలలో కొన్ని దినములు బడికి రాకపోవుట మాకు తెలుసు. ఎందుకు రావడము లేదో కూడా తెలుసు. కాని డబ్బు లేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పారిశ్రామిక వాడలోని ఒక కంపెనీ అధికారి వచ్చెను. మంచి మనిషి, మర్యాదస్తుడు. తమ కంపెనీ సామాజిక బాధ్యత నిధి నుండి ఆరు మరుగుదొడ్లు, ఒక నీళ్ల ట్యాంకు కట్టించి ఇచ్చెదమని చెప్పెను. గోడ మీద కంపెనీ పేరు వ్రాయించవలెను, ప్రారంభము నాడు ఫోటోలు తీయించవలెను, అంతే. మేమందరము సంతోషించితిమి. కాఫీ తెప్పించితిమి.

ఆ సాయంత్రము కమిటీ కూడినప్పుడు తల్లిదండ్రుల తరపున ఉన్న ఒక సహోదరి లేచి నిలబడెను. ఆమె భర్త అదే కంపెనీలో ఒక కాంట్రాక్టరు క్రింద లోడింగు పని చేయువాడు. ఆమె గట్టిగా మాట్లాడు మనిషి కాదు. "అయ్యా, మీరందరూ పెద్దలు. కాదనడానికి నేనెవర్ని? కానీ మా ఆయనకీ, ఆయనతో పాటు ఇంకో పదిహేను మందికీ రెండు నెలల కూలి రాలేదు. ఆ మరుగుదొడ్ల గోడలో మా కూలి కూడా ఉందేమో అని అనిపిస్తోంది" అని చెప్పి కూర్చుండెను.

గది నిశ్శబ్దమాయెను. తరువాత వాదము మొదలాయెను. ఒక పెద్దాయన, "డబ్బు ఎక్కడిదైతే ఏమి, పిల్లలకు అవసరము కదా, మన ఆడపిల్లల కష్టము మనకు ముఖ్యము" అనెను. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. ఇంకొకరు, "కాంట్రాక్టరు ఇవ్వకపోతే కంపెనీ తప్పెట్లా అవుతుంది బ్రదర్" అనిరి. మరొకరు, "ఈ సొమ్ము పుచ్చుకుంటే రేపు ఆ పదిహేను మంది తరపున మాట్లాడడానికి మనకు నోరుంటుందా" అని అడిగిరి. ఆ రాత్రి ఏమియు తేలలేదు. నాకు మాత్రము నిద్ర పట్టలేదు. తరువాతి దినములలో చదివినది, ఆలోచించినది మీ ముందు పెట్టుచున్నాను.

చట్టము అడుగునది

మన దేశములో 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను దీనిని గూర్చినదే. అది 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. నికర ఆస్తి 500 కోట్లు గాని, టర్నోవరు 1000 కోట్లు గాని, ఏడాది నికర లాభము 5 కోట్లు గాని దాటిన కంపెనీ, గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో కనీసము 2 శాతము సమాజ హితమునకు ఖర్చు చేయవలెను. చదువు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, పర్యావరణము మొదలైనవి ఆ జాబితాలో ఉన్నవి. కంపెనీ పని చేయు చుట్టుపట్ల ప్రాంతమునకు ముందుగా ప్రాధాన్యము ఇవ్వవలెనని కూడా ఉన్నది. మొదట్లో ఖర్చు చేయకపోతే ఎందుకు చేయలేదో చెప్పుకొన్న సరిపోయేది. 2021 జనవరి నుండి మిగిలిన సొమ్మును నిర్ణయించిన నిధులకు జమ చేయవలెను, లేనియెడల జరిమానా. దేశమంతటి కంపెనీలు ఈ విధముగా ఖర్చు చేయుచున్నది 2020 తరువాత ఏటా ఇరవై ఐదు వేల కోట్ల రూపాయలకు పైమాటే.

ఇది మంచి చట్టమని నేను నమ్ముచున్నాను. ఎన్నో బడులకు నీళ్లు వచ్చినవి, ఆసుపత్రులకు యంత్రములు వచ్చినవి. అయితే ఈ చట్టములో ఒక సంగతి గమనించవలెను. కంపెనీ తన సొంత ఉద్యోగుల మేలు కొరకు మాత్రమే చేయు ఖర్చు ఈ లెక్కలోనికి రాదు. చట్టము చేసినవారి ఉద్దేశము మంచిదే. పనివానికి ఇవ్వవలసినది ఇచ్చి దానినే దానధర్మముగా చూపించుకొనరాదని. అంటే పనివాని బాకీ ఈ 2 శాతములోనిది కాదు, దానికి ముందే తీరవలసినది అని చట్టమే ఒప్పుకొనుచున్నది. కాని ఆచరణలో అందరి చూపు ఆ 2 మీదనే నిలిచిపోయెను. మిగిలిన 98 ఎట్లు వచ్చినదని అడుగువారు తగ్గిపోయిరి.

లాభమే బాధ్యత అన్న వాదము

అసలు కంపెనీకి ఇట్టి బాధ్యతయే లేదని వాదించినవారు కూడా ఉన్నారు. వారిలో గొప్పవాడు అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. 1970 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ వారి మ్యాగజైనులో ఆయన ఒక వ్యాసము వ్రాసెను. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చెను. ఆయన వాదము తేలికగా తీసివేయదగినది కాదు. కంపెనీ మేనేజరు వాటాదారుల పనివాడు. వారి సొమ్మును తన ఇష్టము వచ్చిన పుణ్యకార్యములకు ఖర్చు పెట్టుటకు అతనికి హక్కు ఎక్కడిది? ధర్మము చేయదలచినవాడు తన జేబులోనిది ఇయ్యవలెను గాని యజమాని పెట్టెలోనిది కాదు. కాబట్టి వ్యాపారము యొక్క బాధ్యత లాభము పెంచుటయే అని ఆయన తీర్పు. అయితే ఆ లాభము మోసము లేకుండ, ఆట నియమములకు లోబడి సంపాదించవలెనని ఆయనే చెప్పెను. ఆయన పేరు చెప్పుకొనువారు చాలామంది ఈ మాటను మరచిపోవుదురు.

దీనికి నా జవాబు ఒక బోర్డుతో మొదలగుచున్నది. మన సంఘములో కిరాణా కొట్టు నడుపు సహోదరుడు ఒకరు ఉన్నారు. ఆయన బ్యాంకులో అప్పు చేసి సరుకు దింపెను. కొట్టు మునిగితే బ్యాంకువారు ఆయన ఇంటి మీదికి వచ్చెదరు. ఆయన భార్య మెడలోని గొలుసు మీదికి కూడా వచ్చును. కాని కంపెనీ బోర్డు చివర 'లిమిటెడ్' అని ఒక మాట ఉండును. రోజూ చూచుచున్నాము గాని ఆలోచించము. దాని అర్థము ఏమనగా, కంపెనీ ఎంత అప్పు చేసి మునిగినను వాటాదారుడు పెట్టిన వాటా సొమ్ము పోవునే గాని అతని ఇంటి జోలికి ఎవరును రారు. ఇది ఎవరు ఇచ్చిన రక్షణ? సమాజము చట్టము ద్వారా ఇచ్చినది. నష్టములో కొంత భాగము ఊరివారు, అప్పు ఇచ్చినవారు, పనివారు భరించెదరని సమాజము ముందుగానే ఒప్పుకొనెను. ఎందుకు ఒప్పుకొనెను? పెద్ద పనులు సాగి అందరికిని మేలు జరుగునను నమ్మకముతో.

కాబట్టి కంపెనీ అనునది కేవలము వాటాదారుల సొంత ఆస్తి అనుట సరి కాదు. అది సమాజపు అనుమతితో, సమాజపు రక్షణతో బ్రదుకుచున్నది. రోడ్డు మనది, నీళ్లు మనవి, చదువుకొని వచ్చిన పనివాడు మన బడిలో చదివినవాడు. అందుకే బాకీ ఉన్నది. బాకీని దానము అనకూడదు.

బంగారము తీరిపోయిన తరువాత

ఈ బాకీ ఏమిటో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. కర్ణాటకలోని మనవారికి కోలారు బంగారు గనులు తెలియనివి కావు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఇంగ్లీషు కంపెనీ అక్కడ పని మొదలుపెట్టెను. గనిలో దిగినవారు ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు తమిళులు, చిత్తూరు వైపు తెలుగువారు. ఊర్లలో భూమి లేనివారు, బావి దగ్గరకు రానియ్యబడనివారు. వారికి ఆ గని జీతము చేతికి అందిన మొదటి నగదు. ఆ మేలును కాదనలేము.

కంపెనీ ఆసుపత్రి కట్టెను, బడులు నడిపెను. 1902లో శివనసముద్రము జలపాతము నుండి కరెంటు తీగలు అక్కడికి వచ్చినవి. బెంగుళూరు వీధులకు కరెంటు దీపములు వచ్చినది 1905లో. అధికారుల బంగళాలు, క్లబ్బు, చల్లని గాలి చూచి దానిని చిన్న ఇంగ్లండు అనేవారు. ఈనాటి లెక్కలో చూస్తే ఆ కంపెనీకి సామాజిక బాధ్యత నివేదిక చాలా అందముగా ఉండేది.

కాని ఇంకొక లెక్క ఉన్నది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగెను. రాతిని పగులగొట్టునప్పుడు లేచు సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని మనిషిని మెల్లగా చంపును. దాని పేరు సిలికోసిస్. 1940లలో అక్కడ వేల మంది కార్మికులను పరీక్షించిన వైద్యులు నూటికి నలభై మందికి పైగా ఆ జబ్బు ఉన్నదని కనుగొనిరి. రాయి నుండి బంగారమును వేరు చేయుటకు సైనైడు వాడెదరు. అట్లు వాడి పారబోసిన పొడి ఊరి మధ్యనే గుట్టలు గుట్టలుగా పెరిగెను. మొత్తము మూడు కోట్ల టన్నులకు పైమాట. గాలి వీచు కాలములో ఆ పొడి లేచి ఇండ్ల మీద, బట్టల మీద, అన్నము మీద పడును.

1956లో మైసూరు ప్రభుత్వము గనులను తీసికొనెను. తరువాత అవి కేంద్ర ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చినవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడెను. 120 సంవత్సరములలో అక్కడి నుండి తీసిన బంగారము 800 టన్నులని లెక్క. మూతబడిన నాటికి మిగిలియున్న మూడు వేల మందికి పైగా కార్మికులు, వారి పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి, పని చేసికొని, చీకటి పడిన తరువాత తిరిగి వచ్చు జీవితమునకు అలవాటు పడిరి. గుట్టలు మాత్రము అక్కడనే ఉండెను. 2024 జూనులో ఆ గుట్టలలో మిగిలిన బంగారమును తీయుటకు కర్ణాటక మంత్రివర్గము ఒప్పుకొన్నది. పొడిలో మిగిలిన బంగారమునకు లెక్క ఉన్నది. ఆ పొడిని పీల్చిన ఊపిరితిత్తులకు ఎవరి పుస్తకములో లెక్క ఉన్నది?

ఇక్కడ గమనించవలసినది ఒకటి. తప్పు తెల్లవారి కంపెనీదనియో, ప్రభుత్వ సంస్థదనియో తేల్చి చేతులు దులుపుకొనుటకు నేను ఈ కథ చెప్పలేదు. యజమానులు మారిరి, జెండా మారెను. పద్ధతి మారలేదు. లాభము లెక్కపుస్తకములో వ్రాయబడెను. నష్టము మనుష్యుల శరీరములలో వ్రాయబడెను. ఆసుపత్రి కట్టుట మంచిదే. కాని ఆ ఆసుపత్రికి రోగులను పంపినది ఆ గనియే కదా. గనిలో దుమ్ము లేవకుండ నీళ్లు కొట్టి డ్రిల్లింగు చేయుట, గాలి సరిగా ఆడునట్లు చూచుట, పని ముగిసిన తరువాత గుట్టలను కప్పి చెట్లు పెంచుట, ఇవి మొదటి బాధ్యతలు. ఆసుపత్రి ఆ తరువాతిది.

మంచి చేయి, మరియొక చేయి

న్యాయముగా మంచి ఉదాహరణము కూడా చెప్పవలెను. జంషెడ్‌పూరులో మన తెలుగువారు ఎందరో స్థిరపడియున్నారు. అక్కడి టాటా ఉక్కు కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పనిదినము పెట్టెను. 1920లో ప్రావిడెంట్ ఫండు పెట్టెను. ప్రావిడెంట్ ఫండు చట్టము దేశములో వచ్చినది 1952లో. చట్టము అడుగకముందే, ఎవరును ఫోటోలు తీయకముందే పనివానికి చెందవలసినది చెందెను. బాధ్యత అనగా ఇదియే.

అయితే అదే కంపెనీ కొరకు ఒడిశాలోని కళింగనగరములో 2006 జనవరి 2న ప్రహరీ గోడ కట్టుచుండగా, తమ భూమిని గూర్చి అడ్డుపడిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపిరి. పదమూడు మంది ఆదివాసులు చనిపోయిరి. ఒక పోలీసు కూడా చనిపోయెను. జంషెడ్‌పూరులో చేసిన మేలు కళింగనగరపు విధవరాలికి జమ కాదు. ఒకరికి ఇచ్చినది ఇంకొకరి బాకీ తీర్చదు. ఈ చిన్న సంగతి మన ఇంటి లెక్కలలో అందరికిని తెలుసు. పాలవానికి ఇవ్వవలసిన డబ్బు తీసికొనిపోయి కూరగాయలామెకు ఇచ్చి, పాల బాకీ తీరిపోయినదని ఎవరైన అనునా?

విశాఖపట్టణము సంగతి మన కండ్ల ముందు జరిగినదే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురములో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారము నుండి స్టైరీను ఆవిరి ఊరి మీదికి వచ్చెను. నిద్రలో ఉన్నవారు లేచి పరుగెత్తుచు రోడ్ల మీద పడిపోయిరి. పన్నెండు మంది చనిపోయిరి. ట్యాంకులో వేడి పెరుగకుండ చూచు ఏర్పాట్లు సరిగా లేకపోవుటను రాష్ట్ర ప్రభుత్వము వేసిన కమిటీ ఎత్తిచూపెను. వేడి పెరిగిన వెంటనే తెలియజేయు పరికరము, సమయమునకు కలుపవలసిన రసాయనము, ఊరివారిని లేపు ఒక సైరను - వీటి మీద పెట్టు ఖర్చు సామాజిక బాధ్యత జాబితాలో కనబడదు. దానికి ప్రారంభోత్సవము ఉండదు, రిబ్బను ఉండదు. కాని ఊరివారికి కంపెనీ బాకీపడిన మొదటి రూపాయి అదియే.

జక్కయ్య చేసిన రెండు పనులు

ఈ ఆలోచనలో ఉండగా నాకు యెరికో పట్టణపు జక్కయ్య జ్ఞాపకమునకు వచ్చెను. ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలిసిన కథ. పొట్టివాడు, మేడి చెట్టు ఎక్కినవాడు, ధనవంతుడు. పన్నుల వసూలు అతని వ్యాపారము. నేటి మాటలో చెప్పవలెనంటే అతడు ఒక పెద్ద కాంట్రాక్టరు.

అతని మనస్సు మారినప్పుడు అతడు చెప్పినది ఒక మాట కాదు, రెండు మాటలు. ఆస్తిలో సగము బీదలకు ఇచ్చెదనన్నది మొదటిది. ఎవని యొద్ద అన్యాయముగా ఏమైన తీసికొనియుంటే నాలుగంతలు వానికే తిరిగి ఇచ్చెదనన్నది రెండవది. మనము మొదటి మాటనే ఎక్కువగా ప్రసంగించుచున్నాము. రెండవ మాట లేకపోతే మొదటిది ఏమై యుండును? ఒకని యొద్ద దోచినది ఇంకొకనికి పంచుటయే అయి యుండును. జక్కయ్య లెక్కలు తెలిసినవాడు. బీదలకు ఇచ్చిన సగమును మోసపోయినవాని ఖాతాలో అతడు జమ వేసికొనలేదు. రెండు ఖాతాలు వేరువేరుగా ఉంచెను. ఇచ్చుట వేరు, తిరిగి ఇచ్చుట వేరు.

మోషే ధర్మశాస్త్రములో కూడా ఈ రెండును ప్రక్కప్రక్కన ఉండుట చూడుడి. పొలము కోయునప్పుడు అంచులను బీదలకు, పరదేశులకు విడువుమను ఆజ్ఞ లేవీయకాండము 19వ అధ్యాయములో ఉన్నది. అదే అధ్యాయములో నాలుగు వచనములు దిగితే కూలివాని కూలి తెల్లవారువరకు నీ యొద్ద ఉంచుకొనకూడదను ఆజ్ఞ ఉన్నది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములోను ఈ రెండును కలిసియే ఉన్నవి, అక్కడ కూలి మాట ముందు, పరిగె మాట తరువాత. రూతు పరిగె ఏరుకొనిన పొలములో కోతవాండ్రు కూలి అందక ఏడ్చుచుండినయెడల ఆ పరిగె ఎంత చేదుగా ఉండేదో ఆలోచించుడి. కంపెనీల 2 శాతము ఈ కాలపు పరిగె వంటిది. ఉండవలసినదే. కాని కోతవాని కూలి పొద్దు గుంకక ముందే తీరిన తరువాత.

మా కమిటీ చేసినది

రెండవ సమావేశములో చాలాసేపు మాట్లాడి ఒక నిర్ణయమునకు వచ్చితిమి. కంపెనీకి ఒక ఉత్తరము వ్రాసితిమి. మీరు ఇచ్చెదమన్నదానికి కృతజ్ఞులము, మా పిల్లలకు అది నిజముగా అవసరము, అయితే మీ ఆవరణలో పని చేసిన పదహారు మందికి రెండు నెలల కూలి రావలసియున్నది, ముందు అది ఇప్పించినయెడల మేము సంతోషముతో పుచ్చుకొందుము అని. కాంట్రాక్టరు కూలి ఎగవేసినయెడల పని చేయించుకొనిన కంపెనీయే చెల్లించవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టములోనే ఉన్న సంగతిని మర్యాదగా గుర్తు చేసితిమి.

ఆ అధికారి మరల వచ్చెను. నిజముగానే బాధపడెను. "సార్, మీరు చెప్పేది అర్థమైంది. కానీ అది నా డిపార్టుమెంటు కాదు. కాంట్రాక్టులు చూసేది వేరే డిపార్టుమెంటు" అనెను. ఆ మాటను నేను మరువలేను. అతడు అబద్ధము చెప్పలేదు. ఇచ్చు చేయి ఒక విభాగము, చెల్లించవలసిన చేయి ఇంకొక విభాగము. వ్యాధి అంతయు ఆ ఒక్క మాటలోనే ఉన్నది. నా మట్టుకు నేను చెప్పునది ఇంతే: ఒక కంపెనీ తన బాధ్యతను ఒక ప్రత్యేక విభాగమునకు అప్పగించిన నాటి నుండి మిగిలిన విభాగములన్నియు దాని నుండి సెలవు తీసికొనినట్లే.

మూడు నెలలు గడచెను. కంపెనీ కాంట్రాక్టరును చూపించెను, కాంట్రాక్టరు కంపెనీని చూపించెను. చివరకు ఒక నెల కూలి పూర్తిగా, రెండవ నెలలో సగము వచ్చినది. మిగిలినది రాలేదు. మరుగుదొడ్ల సొమ్ము ఇంకొక బడికి వెళ్లెను. ఆ బడి పిల్లలకు మేలు జరిగినందుకు మాకు అసూయ లేదు. మా సంఘములో చందాలు వేసికొని రెండు మరుగుదొడ్లు కట్టితిమి, పాత తలుపు మార్చితిమి. ఆరు రావలసిన చోట రెండే వచ్చినవి. మేము చేసినది సరియేనా అని ఒక పిల్ల తల్లి ఇప్పటికిని నన్ను అడుగుచుండును. ఆమె కూతురు ఆ సంవత్సరము చాలా దినములు బడికి రాలేదు. ఆమె అడిగినప్పుడు నేను గట్టిగా జవాబు చెప్పలేను. ఆ పిల్ల నష్టపోయిన దినములు కూడా లెక్కలోనివే. సరియైన పని చేసినవానికి ఖర్చు ఉండదని చెప్పుట మోసము.

మన చేతి క్రింద ఉన్నవారు

ఇంతవరకు వ్రాసి ఆపియుండవచ్చును. కాని ఇంకొకటి చెప్పకపోతే ఈ వ్యాసము అబద్ధమగును.

ఆ రెండవ సమావేశములో ఉత్తరము చదివి అందరము సంతకములు పెట్టుచుండగా, మా పాఠశాల ఆయమ్మ టీ గ్లాసులు తీయుటకు వచ్చెను. ఆమె వెళ్లిన తరువాత మా కోశాధికారి మెల్లగా, "అన్నా, మనం ఈమెకు ఎండాకాలం సెలవుల రెండు నెలలూ జీతం ఇవ్వడం లేదు తెలుసా" అనెను. టీచర్లకు ఇచ్చుచున్నాము. ఆయమ్మకు, వాచ్‌మనుకు ఇవ్వడము లేదు. ఎప్పటి నుండి అని అడిగితే ఎవరికిని జ్ఞాపకము లేదు. ఎవరో ఎప్పుడో పెట్టిన పద్ధతి. బడి మూసియున్నను ఆ ఆవరణను ఊడ్చినది, చెట్లకు నీళ్లు పోసినది ఆమెయే. ప్రతి క్రిస్మస్‌కు ఆమెకు చీర పెట్టుచున్నాము. చీర పెట్టునప్పుడు ఫోటో కూడా తీయుచున్నాము.

పెన్నులు క్రింద పెట్టితిమి. కంపెనీకి ఉత్తరము పంపక ముందు ఆ సంవత్సరపు రెండు నెలల జీతమును ఆ ఇద్దరికిని చెల్లించవలెనని తీర్మానము వ్రాసితిమి. వెనుకటి సంవత్సరములది కొంత కొంతగా ఇచ్చుచున్నాము. ఇంకను పూర్తి కాలేదు. జీతము చేతికి ఇచ్చినప్పుడు ఆయమ్మ, "దేనికయ్యా ఇది?" అని అడిగెను. మేము ధర్మము చేయుచున్నామని ఆమె అనుకొనెను. అది ధర్మము కాదు, నీదే, ఆలస్యమైనది అని చెప్పుటకు కోశాధికారికి కొంచెము సమయము పట్టెను.

ఈ వ్యాసము చదువుచున్నవారిలో కంపెనీ యజమానులు తక్కువ మంది. కాని కొట్టులో ఒక కుర్రవానిని పెట్టుకొన్నవారు, మగ్గముల మీద పని చేయించువారు, మేస్త్రీలుగా పది మందిని తీసికొనిపోవువారు, ఇంట్లో అంట్లు తోముటకు ఒక మనిషిని పెట్టుకొన్నవారు మనలో చాలామంది ఉన్నారు. సంఘములు, బడులు, ఆసుపత్రులు నడుపుచున్న మనము కూడా యజమానులమే. పెద్ద కంపెనీని అడుగు ప్రశ్న మనలను కూడా అడుగును. నీవు ఎంత ఇచ్చితివి అని కాదు. నీ చేతి క్రింద పని చేసినవారిలో ఎవరికైన రావలసినది నీ యొద్ద ఆగియున్నదా అని.

వచ్చే కమిటీ సమావేశములలో మీరును మీ జీతముల పుస్తకము ఒకసారి తెప్పించి చూడుడి. సెలవు నెలలను, పండుగ దినములను, జబ్బు చేసి రాలేకపోయిన దినములను ఎట్లు లెక్కించుచున్నారో చూడుడి. అక్కడ ఏదైన బాకీ కనబడితే ఈ యేటి చీర కంటె ముందు దానిని తీర్చుడి. ఆ తరువాత చీర కూడా పెట్టుడి. అప్పుడది నిజముగా చీరయే అగును.